నేల క్రింది చీకటిని తలపోసిన కథకుడు – జూల్స్ వెర్న్



మన టేకులపల్లి అడవి ప్రాంతమున కల్పిత కథల పుస్తకము చేతబట్టిన పిల్లవానిని చూచి పెద్దలు రెండు విధములుగా మాటలాడుదురు. కొందరు, వాడు ఏదో చదువుచున్నాడు గదా అని సంతోషింతురు. మరికొందరు, జరుగని సంగతులు చదువుట వలన ఏమి ప్రయోజనము, పాఠ్యపుస్తకమో పరిశుద్ధ గ్రంథమో చదువరాదా అని గద్దింతురు. ఈ రెండవ మాటను మేము తేలికగా త్రోసివేయము. గనిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రికి, చేనిలో నడుము వంచి పనిచేసిన తల్లికి, బిడ్డ కాలము వ్యర్థమగుచున్నదేమో అను భయముండుట న్యాయమే. అయినను తీర్పు చెప్పుటకు ముందు, అట్టి కథలు వ్రాసిన ఒక మనుష్యుని జీవితమును చూచుట మంచిది. గనుక ఈ నెల ఫ్రెంచి రచయితయైన జూల్స్ వెర్న్ చరిత్రను మీ యెదుట ఉంచుచున్నాము. ఆయన మన దేశమును ఎన్నడును చూడలేదు. అయినను ఆయన కథలలో మన దేశమును కలదు, మన బొగ్గు వంటి బొగ్గును కలదు.

జూల్స్ వెర్న్ 1828వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన ఫ్రాన్సు దేశములో నాంట్ అను రేవు పట్టణమందు జన్మించెను. ఆయన తండ్రి పియేర్ వెర్న్ న్యాయవాది. తల్లి సోఫీ. వారిది రోమను కతోలిక కుటుంబము. అయిదుగురు బిడ్డలలో జూల్స్ జ్యేష్ఠుడు. రెండవవాడైన పాల్ తరువాత నౌకాదళములో చేరెను. లువార్ నది మీద వచ్చి పోవు ఓడలను చూచుచు ఈ అన్నదమ్ములు పెరిగిరి. జూల్స్ పదునొకండవ యేట ఇంటివారికి చెప్పక, ఇండియా దిక్కునకు పోవు ఓడ ఒకటి ఎక్కెననియు, తండ్రి వెంబడించి దింపుకొని వచ్చెననియు ఆ కుటుంబములో ఒక కథ చెప్పుకొనిరి. తరువాతి చరిత్రకారులు దీనిని అంతగా నమ్మరు. జరిగినను జరుగకున్నను, ఆ బాలుని మనస్సు ఎటు పరుగెత్తుచుండెనో ఆ కథ వలన తెలియుచున్నది.

తండ్రి తన వకీలు వృత్తిని పెద్ద కుమారునికి అప్పగింపవలెనని కోరెను. జూల్స్ పారిస్ నగరమునకు పోయి ధర్మశాస్త్రము చదివి 1851లో పట్టము పొందెను. గాని ఆయన మనస్సు నాటకముల మీదను, కథల మీదను ఉండెను. మరుసటి సంవత్సరము తండ్రి, నాంట్ వచ్చి నా కార్యాలయము తీసికొనుమని అడిగినప్పుడు, ఆయన రానని చెప్పెను. ఆ కాలమందు అది చిన్న సంగతి కాదు. తండ్రి నొచ్చుకొనెను గాని కుమారుని విడిచిపెట్టలేదు. జూల్స్ ఒక నాటకశాలలో కార్యదర్శిగా స్వల్ప జీతమునకు పనిచేయుచు, గ్రంథాలయములో కూర్చుండి భూగోళమును, విజ్ఞానశాస్త్రమును చదువుచు దినములు గడిపెను. 1857 జనవరి 10న ఒనొరీన్ అను వితంతువును వివాహమాడెను. ఆమెకు అంతకు ముందే ఇద్దరు కుమార్తెలు గలరు. కుటుంబ పోషణకై ఆయన షేరు బజారులో ఉద్యోగము చేసెను. తెల్లవారుజామున లేచి వ్రాయుట, పగలు బజారు పని చూచుట ఆయనకు అలవాటాయెను. 1861లో వారికి మిషెల్ అను కుమారుడు పుట్టెను. ఈ పేరును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

1862లో ఆయన పియేర్ జూల్ హెట్జెల్ అను ప్రచురణకర్తను కలిసికొనెను. ఆఫ్రికా ఖండము మీదుగా బెలూనులో అయిదు వారములు ప్రయాణము చేసినవారి కథను హెట్జెల్ 1863 జనవరిలో అచ్చువేసెను. అప్పటికి వెర్న్ వయస్సు ముప్పది నాలుగేండ్లు. అది జనులకు ఎంతో నచ్చెను. పిల్లలకును పెద్దలకును విద్యయు వినోదమును కలిపి ఇచ్చు పత్రికను హెట్జెల్ 1864లో ఆరంభించి, వెర్న్ కథలను దానిలో వరుసగా వేయసాగెను. ఆయన ప్రతి మాటను హెట్జెల్ ఒప్పుకొనలేదు. ఇరువదవ శతాబ్దపు పారిస్ నగరమును గూర్చి వెర్న్ వ్రాసిన ఒక నవలను నిరాకరించి త్రిప్పి పంపెను. అది ఆయన మరణించిన తరువాత చాల కాలమునకు, 1994లో అచ్చయినది. యౌవనస్థులారా, ఇది గమనింపుడి. కాదన్న పెద్దవాని మీద కోపించి వెర్న్ కలము పారవేయలేదు. ఆ ఇద్దరి స్నేహము హెట్జెల్ మరణించువరకు నిలిచెను.

1864లోనే భూగర్భ యాత్ర కథ వెలువడెను. జర్మనీ దేశపు ఆచార్యుడొకడు పాత వ్రాతలో ఒక రహస్యమును చదివి, తన మేనల్లునితోను, హాన్స్ అను మార్గదర్శితోను ఐస్లాండు ద్వీపమందలి చల్లారిన అగ్నిపర్వతపు నోటిలో దిగి, భూమి లోపల నడచుచు, తుదకు ఇటలీ యొద్దనున్న స్ట్రాంబోలి అగ్నిపర్వతము ద్వారా వెలుపలికి వచ్చును. త్రోవలో వారికి త్రాగునీరు అయిపోవును. మేనల్లుడు దారి తప్పి, దీపము ఆరిపోగా, ఒంటరిగా చీకటిలో చిక్కుకొనును. గనిలో టోపీ దీపము ఆరిపోయినప్పుడు కలుగు చీకటి ఎట్టిదో మనవారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ పుటలు మన కార్మికుడు చదివినయెడల, ఫ్రాన్సు దేశపు పట్టణవాసి ఇది ఎట్లు ఎరిగెనని ఆశ్చర్యపడును.

ఆ కథలో ఒకచోట వారు బొగ్గు పొరల నడుమ నడచుదురు. పూర్వకాలపు మహారణ్యములు నేలలో పూడి, పై బరువునకు అణగి బొగ్గాయెనని వెర్న్ అక్కడ వివరించెను. మన గోదావరి లోయ బొగ్గును అట్లు పుట్టినదే. ఇప్పుడు మన తలల మీదనున్న టేకు, మద్ది చెట్ల అడవి వేరు, కాళ్ల క్రింద నల్లగా మారియున్న అడవి వేరు. క్రింది అడవి ఇరువది యైదు కోట్ల సంవత్సరములకు పూర్వపుదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

అయితే ఆ కథలోని యాత్ర మాత్రము నిజముగా జరుగజాలదు. భూమి ఉపరితలము నుండి కేంద్రమునకు సుమారు 6,370 కిలోమీటర్ల దూరము. మనుష్యులు ఇంతవరకు త్రవ్విన అత్యంత లోతైన రంధ్రము రష్యాలోని కోలా యందున్నది. అది 12 కిలోమీటర్లకు కొంచెము పైగా దిగి, 1989లో 12,262 మీటర్ల యొద్ద ఆగిపోయెను. లోతు పెరిగినకొలది, ఒక్కొక్క కిలోమీటరునకు వేడి సుమారు 25 మొదలు 30 డిగ్రీల వరకు హెచ్చును. లోతైన గనిలో చెమటతో తడిసినవారికి ఇది పుస్తకము లేకయే తెలియును. వెర్న్ ఈ సంగతి ఎరుగనివాడు కాడు. భూగర్భము వేడియా కాదా అని తన పాత్రల చేత వాదము చేయించి, కథ సాగుటకై చల్లని త్రోవను ఎన్నుకొనెను. పిల్లలకు ఈ కథ ఇచ్చినప్పుడు, ఏది శాస్త్రము, ఏది ఊహ అని వారితో కూర్చుండి విడదీయుట పెద్దల పని. అట్లు చేసినయెడల అబద్ధము నేర్చుకొందురను భయముండదు. పైగా ప్రశ్న వేయుట నేర్చుకొందురు.

ఆ వెనుక ఆయన కలమునకు విశ్రాంతి లేదు. 1865లో చంద్రుని యొద్దకు పోవు కథ వ్రాసెను. ముగ్గురు మనుష్యులను ఒక పెద్ద ఫిరంగి గుండులో కూర్చుండబెట్టి అమెరికాలోని ఫ్లోరిడా నుండి పంపి, దాని రెండవ భాగములో పసిఫిక్ సముద్రమునందు దింపెను. నూరేండ్ల పిమ్మట, 1969 జూలైలో అపోలో 11 నావ ముగ్గురితో ఫ్లోరిడా నుండియే బయలుదేరి, మరల పసిఫిక్ సముద్రములోనే దిగెను. ఫిరంగితో పంపినయెడల లోపలివారు ఆ విసురునకే మరణింతురు గనుక సాధనము విషయములో ఊహ తప్పెను గాని, పోవచ్చునను తలంపు తప్పలేదు. 2023 ఆగస్టు 23న మన దేశపు చంద్రయాన్ 3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమున దిగిన సాయంకాలము, మన ఊళ్లలోను పిల్లలు టీవీల యెదుట గుమిగూడలేదా?

1869, 1870 సంవత్సరములలో సముద్ర గర్భ యాత్ర కథ వచ్చెను. నాటిలస్ అను జలాంతర్గామి ఓడకు నెమో అనువాడు నాయకుడు. ఆ ఓడ హిందూ మహాసముద్రమును దాటి బంగాళాఖాతపు ముఖద్వారమునకు వచ్చును. సింహళము యొద్ద ముత్యములకై మునిగిన ఒక బీదవానిని నెమో సొరచేప నోటి నుండి రక్షించి, అతని చేతిలో ముత్యముల సంచి పెట్టును. మొదటి కథలో నెమో ఎవరో తెలియదు. 1875లో పూర్తియైన మర్మ ద్వీపము అను నవలలో తెలియును. అతడు బుందేల్‌ఖండ్ రాజకుమారుడైన దక్కర్. 1857 తిరుగుబాటులో ఆంగ్లేయులతో పోరాడి, ఆలుబిడ్డలను పోగొట్టుకొని, భూమిని విడిచి సముద్రములో దాగినవాడు. మన దేశము పరపాలన క్రింద నలుగుచున్న ఆ దినములలో, ఐరోపా కథకుడొకడు భారతీయుని గొప్ప విద్వాంసునిగాను, యంత్రకారునిగాను చిత్రించుట విశేషము.

గాని వెర్న్ అతనిని నిర్దోషిగా చూపలేదు. నెమో శత్రువుల యుద్ధనౌకను మనుష్యులతో సహా ముంచివేయును. పగ తీర్చుకొనిన పిమ్మట, చనిపోయిన తన భార్యాబిడ్డల పటము ముందు మోకరించి ఏడ్చును. పగ తీరెను గాని దుఃఖము తీరలేదు. పగతీర్చుట దేవుని పనియే గాని మనది కాదని పౌలు రోమీయులకు ఎందుకు వ్రాసెనో, ఈ కథ చదివిన బాలునికి వేరుగా వివరింపనక్కరలేదు. కడపటి దినములలో నెమో ఒక ద్వీపమున చిక్కుకొనిన అపరిచితులకు చాటున సహాయము చేయుచు, వారి మధ్యనే కన్నుమూయును. పొలము గట్టు తగవు మూడు తరములు నడచు ఊళ్లలో ఈ కథ చదువదగినది.

1872లో ఎనుబది దినములలో భూప్రదక్షిణ కథ ఒక దినపత్రికలో వరుసగా వచ్చెను. దానిలో బొంబాయి నుండి కలకత్తాకు పోవు రైలు మార్గము మధ్యలో తెగియుండుట చేత ప్రయాణికులు ఏనుగును కొని అడవి దాటుదురు, ఒక యౌవన స్త్రీని సహగమనము నుండి తప్పింతురు. నిజమునకు ఆ రైలు మార్గము 1870లోనే పూర్తియైనది. మన ఆచారములను గూర్చి ఆయన వ్రాసినది చాలమట్టుకు ఇతర ప్రయాణికుల గ్రంథములలో చదివినదే. పరదేశి వ్రాసినదంతయు వేదవాక్యమని తలంపక, పరీక్షించి చదువుట మంచిది.

ఇక మనకు మిక్కిలి దగ్గరయైన నవలకు వచ్చెదము. అది 1877లో వెలువడెను. దాని ఫ్రెంచి పేరునకు నల్లని ఇండియాలు అని అర్థము. ఇండియా అనగా తరుగని ధనమని ఆ దినములలో పాశ్చాత్యుల తలంపు. బొగ్గు వలన బ్రిటను దేశమునకు అట్టి సంపద కలిగినందున బొగ్గు గనులకు ఆ పేరు పెట్టిరి. ఈ నవలకు ఆరు సంవత్సరములు ముందు, 1871లో, భూగర్భ శాస్త్రజ్ఞుడైన డాక్టర్ విలియం కింగ్ మన ఇల్లెందు యొద్ద బొగ్గును కనుగొనెను. 1889లో అక్కడ త్రవ్వకము ఆరంభమాయెను. 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు స్థిరపడెను. అనగా వెర్న్ ఆ పేరుతో స్కాట్లండు గని కథ వ్రాయుచున్న వేళ, నిజమైన ఇండియాలో నల్లని నిధి మన కాళ్ల క్రింద త్రవ్వువారి కొరకు కనిపెట్టుచుండెను.

ఆ కథలో బొగ్గు అయిపోయెనని గని మూసివేయుదురు. కార్మికులు చెదరిపోవుదురు. సైమన్ ఫోర్డ్ అను ముసలి ఓవర్‌మన్ మాత్రము భార్యతోను కుమారునితోను ఆ గనిలోనే కాపురముండి, ఇంకను బొగ్గు ఉన్నదని పదేండ్లు వెదకును. తుదకు క్రొత్త పొర దొరకును. ఆ చీకటిలో నెల్ అను బాలిక కనబడును. ఆమె పుట్టినది మొదలు సూర్యుని చూచి యెరుగదు. ఆమెను మెల్లమెల్లగా పైకి తెచ్చి, కొండ మీద నిలువబెట్టి, మొదటిసారి సూర్యోదయము చూపుదురు. సిల్ఫాక్స్ అను మరియొక ముసలివాడు కలడు. పూర్వము గనులలో పేరుకొనిన గ్యాసును తగులబెట్టుటకు నేల మీద ప్రాకుచు మంట పట్టుకొని పోవు ప్రమాదకరమైన పని ఒకటి ఉండెడిది. అతడు ఆ పని చేసినవాడు. ఆ పనిలోనే మతి చలించి, గని నాదని పగబట్టి, దానిని పేల్చివేయజూచును. మూసిన గనుల ఊళ్లు, ఉద్యోగము పోయిన ఇండ్లు, గని వలన పాడైన మనుష్యులు, ఇవి మనకు క్రొత్త సంగతులా? మూతపడిన గని యొద్ద నిలిచి నిట్టూర్చిన ప్రతి కుటుంబము సైమన్ ఫోర్డ్‌ను తమ బంధువుగా ఎంచుకొనును.

బొగ్గు ఎల్లకాలము ఉండదని కూడ వెర్న్ తలంచెను. మర్మ ద్వీపములోని ఇంజనీరు, ఒక దినమున నీటి నుండి తీసిన జలజనకమును ప్రాణవాయువును బొగ్గునకు బదులు ఇంధనమగునని తన స్నేహితులతో చెప్పును. నేడు అనేక దేశములు హైడ్రోజను ఇంధనము మీద ధనము వెచ్చించుచున్నవి. మన బిడ్డలు ఏ పని నేర్వవలెనో ఆలోచించు తల్లిదండ్రులకు ఈ ముచ్చట పనికివచ్చును.

ఇంత దూరము చూచిన ఈ మనుష్యుడు తన యింట మాత్రము దగ్గరనున్నది చూడలేకపోయెనా అని అడుగవలసివచ్చుచున్నది. 1871లో ఆయన కుటుంబముతో ఆమియెన్ పట్టణమునకు వచ్చి స్థిరపడెను. ఉదయము అయిదు గంటలకు లేచి పదునొకండు గంటల వరకు వ్రాయుట ఆయన నియమము. ఆయన వ్రాసికొనిన చీటీలు 20,000కు పైగా ఉండెను. అట్టి ఇంట శబ్దము పనికిరాదు. కుమారుడైన మిషెల్ దుడుకువాడు, మాట విననివాడు. తండ్రి అతనిని 1876లో ఒక దిద్దుబాటు శాలకు పంపెను. 1878లో, పదునారేండ్ల వయస్సులో, ఇండియా దిక్కునకు పోవు ఓడ మీద ఎక్కించెను. తాను చిన్ననాట కోరిన ప్రయాణము కుమారునికి శిక్షగా వచ్చెను. తిరిగివచ్చిన పిమ్మట మిషెల్ అప్పులు చేసెను, తండ్రికి ఇష్టములేని వివాహము చేసికొనెను, ఆ భార్యను విడిచి వేరొక యౌవనస్థురాలితో వెళ్లిపోయెను. లోకములోని పిల్లలందరికి ప్రియుడైన కథకునికి సొంత బిడ్డ దూరమాయెను.

1886 మార్చి 9న మరియొక దెబ్బ తగిలెను. ఆయన తమ్ముని కుమారుడైన గాస్టన్, మతి చెడి, ఇంటి గుమ్మము యొద్ద తుపాకితో రెండు మారులు కాల్చెను. ఒక గుండు ఎడమ కాలిలో దిగెను. ఆయన బ్రదుకంతయు కుంటెను. గాస్టన్ మిగిలిన జీవితము చికిత్సాలయములలో గడిపెను. అదే నెలలో స్నేహితుడైన హెట్జెల్ మరణించెను. మరుసటి యేడు తల్లి మరణించెను. ఎంతో ఇష్టపడిన తన చిన్న ఓడను ఆయన అప్పటికే అమ్మివేసియుండెను. ఇక సముద్ర ప్రయాణములు లేవు.

అప్పుడు ఆయన ఏమి చేసెను? 1888లో ఆమియెన్ పురపాలక సంఘమునకు ఎన్నికయై, కుంటి కాలితోనే పదునైదేండ్లు పట్టణపు పనులు చూచెను. వ్రాయుట మానలేదు. కుమారునితోను సమాధానపడెను. రెండవ కోడలు ఇంటిని చక్కదిద్దెను, మనుమలు వచ్చిరి. మిషెల్ కూడ కథలు వ్రాయసాగెను. 1889లో తండ్రి పేరుతో వెలువడిన ఒక కథను ముఖ్యముగా వ్రాసినవాడు కుమారుడే అని చరిత్రకారులు చెప్పుదురు.

ఈ సంగతిలో మేము ఒకటి గమనించితిమి. జూల్స్ తన తండ్రి మాట కాదన్నప్పుడు ఆ తండ్రి ఓర్చుకొనెను, షేరు బజారు ఉద్యోగమునకు కావలసిన ధన సహాయమును చేసెను. జూల్స్ తండ్రియైనప్పుడు తాను పొందిన ఓర్పును కుమారునికి చూపుటకు చాల సంవత్సరములు పట్టెను. లూకా సువార్త 15వ అధ్యాయములోని తండ్రి దూరముననే కుమారుని చూచి పరుగెత్తెను. మనలో అనేకులము నిలిచి, వాడే రావలెనని చూచుచుందుము. వెర్న్ ఆలస్యముగానైనను తలుపు తెరచెను. మన ఇండ్లలో తలుపు మూసియున్నదేమో ఎవరికి వారు చూచుకొనవలెను.

మధుమేహమును, కంటి శుక్లములును ఆయనను బాధించెను. 1905 మార్చి 24న ఆమియెన్‌లో ఆయన కన్నుమూసెను. సమాధి మీద 1907లో ఒక శిల్పము నిలిపిరి. మృతుడు రాతిపలకను తోసికొని వెలుగులోనికి చేయి చాచి లేచుచున్నట్లు అది కనబడును. మిగిలిన వ్రాతప్రతులను మిషెల్ అచ్చు వేయించెను. వాటిలో తన చేతివ్రాత చాల కలిపినాడని తరువాత తెలిసినది. నేడు ఆయన కథలు లోకములో మిక్కిలి ఎక్కువ భాషలలోనికి తర్జుమాయైన వాటిలో ఉన్నవి. కొన్ని తెలుగులోనికిని వచ్చినవి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వచ్చెదము. జరుగని కథలు చదువవచ్చునా? ప్రభువు కూడ విత్తువానిని గూర్చియు, తప్పిపోయిన గొర్రెను గూర్చియు ఉపమానములు చెప్పి సత్యము బోధించెను. గనుక కథ అను కారణము చేత కథను త్రోసివేయరాదు. అది మనస్సును ఎటు నడిపించుచున్నదో చూడవలెను. యోబు గ్రంథము 28వ అధ్యాయము తీయుడి. మనుష్యుడు చీకటిని ఛేదించి, పక్షియు ఎరుగని త్రోవలలో దిగి, రాళ్లలోని లోహములను వెలికితీయునని అక్కడ వ్రాయబడియున్నది. బైబిలులో గని పని వర్ణన ఇంత స్పష్టముగా మరెక్కడను లేదు. పిమ్మట, ఇంత త్రవ్విన నరునికి జ్ఞానము ఎక్కడ దొరకునని ఆ గ్రంథము అడుగుచున్నది. వెర్న్ జీవితమును అదే అడుగుచున్నది. భూమి నడిబొడ్డు వరకు తలంపుతో దిగినవానికి తన బిడ్డ హృదయములోనికి దిగుట కష్టమాయెను.

గనుక తండ్రులారా, తల్లులారా, మీ పిల్లలకు ఇట్టి కథ దొరికినప్పుడు లాగికొనకుడి. చేతిలో పెట్టి మీ పని మీద మీరు పోవుటయు చాలదు. వారానికి ఒక సాయంకాలము, చేతి ఫోనులు ప్రక్కనుంచి, వారి ప్రక్కన కూర్చుండి రెండు పుటలు చదివింపుడి. చదువురాని తండ్రియైనను వినవచ్చును. గనిని గూర్చి పుస్తకము చెప్పినది సరియా కాదా అని బిడ్డ ఆయననే అడుగును. ఆ ప్రశ్నకు టేకులపల్లిలోని తండ్రి ఇచ్చు జవాబు వెర్న్ పుస్తకములలో ఎక్కడను లేదు.